ఒకే స్టెరాయిడ్, కణానికో తీరు

2020 జూన్‌లో బ్రిటన్ నుంచి రికవరీ ట్రయల్ ఫలితాలు వెలువడ్డాయి. వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో డెక్సామెథసోన్ అనే చవకైన పాత స్టెరాయిడ్ మరణాలను దాదాపు మూడో వంతు తగ్గించిందని తేలింది. ఇచ్చిన మోతాదు రోజుకు 6 మిల్లీగ్రాములే, అదీ 10 రోజులకు మించకుండా. ఆక్సిజన్ అవసరం పడని వారికి మాత్రం దానివల్ల మేలేమీ కనిపించలేదు. మరుసటి ఏడాది రెండో వేవ్‌లో మన దేశంలో బ్లాక్ ఫంగస్ కేసులు పెరిగాయి. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని ఆ చికిత్సకు నోడల్ కేంద్రంగా ప్రకటించాల్సి వచ్చింది. అదుపు తప్పిన షుగర్, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లు దీనికి ముఖ్య కారణాలని వైద్యులు చెప్పారు. ప్రాణం నిలిపిన మందే ప్రాణం మీదికి ఎలా తెచ్చింది? ఇది తెలియాలంటే ఆ మందు కణం లోపల ఏం చేస్తుందో చూడాలి.

డెక్సామెథసోన్‌కు మన ఒంట్లోనే ఒక సహజ రూపం ఉంది. అది కార్టిసాల్. కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు దీన్ని కొలెస్టరాల్ నుంచి తయారుచేస్తాయి. ఇన్సులిన్ వంటి ప్రొటీన్ హార్మోన్లు కణపొర దాటలేక బయటి నుంచే కబురు అందిస్తాయి. స్టెరాయిడ్లు కొవ్వులో కరిగేవి కాబట్టి పొరలోంచి నేరుగా లోపలికి వెళ్లిపోతాయి. లోపల వాటి కోసం గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ అనే ప్రొటీన్ సిద్ధంగా ఉంటుంది. 777 అమైనో ఆమ్లాల ఈ గొలుసు దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. మనిషిలో దీని జన్యువును రొనాల్డ్ ఎవాన్స్ బృందం 1985లో వేరుచేసింది.

హార్మోన్ లేనప్పుడు హెచ్‌ఎస్‌పీ90 వంటి తోడు ప్రొటీన్లు రిసెప్టర్‌ను కణద్రవంలోనే పట్టి ఉంచుతాయి. హార్మోన్ వచ్చి అందులో ఇమడగానే రిసెప్టర్ ఆకారం మారుతుంది, అది కేంద్రకంలోకి చేరుతుంది. అక్కడి డీఎన్‌ఏ పొడవునా ఒక ప్రత్యేకమైన 15 అక్షరాల వరుస కోసం వెతుకుతుంది: ‘ఏజీఏఏసీఏ’, మధ్యలో ఏవైనా మూడు అక్షరాలు, ఆపైన ‘టీజీటీటీసీటీ’. డీఎన్‌ఏ రెండో పోగు మీద వెనక నుంచి చదివినా ఇదే వరుస వస్తుంది. అందుకే రెండు రిసెప్టర్లు ఎదురెదురుగా జతకట్టి చెరో సగాన్నీ పట్టుకోగలుగుతాయి. పట్టు కోసం ఒక్కో రిసెప్టర్‌లో రెండు జింక్ పరమాణువులు ఉంటాయి. నాలుగేసి సిస్టీన్‌లు ఒక్కో జింక్‌ను బిగించి, ప్రొటీన్‌లోని ఆ భాగాన్ని డీఎన్‌ఏ గాడిలో సరిపోయేలా మలుస్తాయి.

డీఎన్‌ఏను పట్టుకున్నాక రిసెప్టర్ సహాయక ప్రొటీన్లను పిలుస్తుంది. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్‌ల బిగువును అవి సడలిస్తాయి. అప్పుడు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ వచ్చి జన్యువును ఆర్‌ఎన్‌ఏగా రాయడం మొదలుపెడుతుంది. ఆ ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రొటీన్ తయారై పేరుకోవాలి. ఇదంతా గంటల పని. స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడ్డా పూర్తి ఫలితం వెంటనే కనిపించకపోవడానికి ముఖ్య కారణం ఇదే. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమున్న తల్లికి బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమయ్యేందుకు స్టెరాయిడ్ ఇస్తారు. న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ 1972లో నిరూపించిన ఈ పద్ధతిలో కాన్పుకు ముందు కనీసం ఒక రోజు వ్యవధి దొరికితే మేలు ఎక్కువ.

ఇంతకీ ఏ కణంలో ఏ జన్యువు మేల్కొంటుంది? ఒంట్లోని కణాలన్నిటా ఉన్నది ఒకే డీఎన్‌ఏ. అయితే కాలేయ కణంలో తెరుచుకుని ఉన్న భాగాలు వేరు, తెల్ల రక్తకణంలో తెరుచుకుని ఉన్నవి వేరు. మిగతాదంతా గట్టిగా చుట్టుకుపోయి ఉంటుంది. రిసెప్టర్ చాలావరకు అప్పటికే తెరిచి ఉన్న చోట్లనే పట్టుకుంటుంది. చెరువు నిండిందని ఊళ్లో దండోరా వేస్తే రైతు పొలానికీ జాలరి వల కోసమూ పరిగెత్తినట్టు, కార్టిసాల్ కబురు విని ఒక్కో కణం తన పనిలో పడుతుంది. కాలేయం గ్లూకోజ్ తయారుచేసే ఎంజైముల జన్యువులను నడిపిస్తుంది, రక్తంలో షుగర్ పెరుగుతుంది. రోగనిరోధక కణంలో రిసెప్టర్ ఎన్‌ఎఫ్-కాపా-బి అనే ప్రొటీన్‌ను అణచివేస్తుంది, వాపును రగిలించే ఇంటర్‌ల్యూకిన్ల ఉత్పత్తి తగ్గుతుంది. కోవిడ్ ఊపిరితిత్తులను కాపాడింది ఈ రెండో పని. ఫంగస్‌కు దారి తీసిన చక్కెర మొదటి పని ఫలితం. ఆ ఫంగస్‌ను ఎదుర్కోవలసిన రక్షణ బలహీనపడింది కూడా ఈ రెండో పని వల్లనే.

కబురు ఎవరికి అందకూడదో కూడా ఒళ్లు చూసుకుంటుంది. కిడ్నీలో ఉప్పును నిలిపే ఆల్డోస్టిరాన్‌కు వేరే రిసెప్టర్ ఉంది. అది కార్టిసాల్‌కూ అంతే సులువుగా లొంగుతుంది, పైగా రక్తంలో కార్టిసాల్ ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకని కిడ్నీ కణంలోని ఒక ఎంజైమ్ కార్టిసాల్‌ను కార్టిసోన్‌గా మార్చి పనికిరాకుండా చేస్తుంది. మన వంటింటి వైద్యంలో దగ్గుకు వాడే అతిమధురంలోని గ్లిసిరైజిక్ ఆమ్లం ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. అతిమధురం అదేపనిగా తింటే బీపీ పెరిగి పొటాషియం పడిపోయేది ఇందుకే.

మేలు చేసే అణచివేతను ఉంచి, కీడు చేసే జన్యు ప్రేరణను తీసేసిన స్టెరాయిడ్ కోసం మందుల పరిశోధకులు ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు. చిక్కేమిటంటే, వాపును తగ్గించే జిల్జ్ వంటి ప్రొటీన్లు కూడా జన్యు ప్రేరణతోనే పుడతాయి. రెండిటినీ విడదీయడం అంత సులువు కాదు.

ఇదే రిసెప్టర్ మెదడులోనూ పిట్యూటరీలోనూ ఉంది. అక్కడ అది అడ్రినల్‌కు ఆదేశమిచ్చే ఏసీటీహెచ్ హార్మోన్ ఉత్పత్తిని తగ్గిస్తుంది. వారాల తరబడి మాత్రలు వేసుకుంటే ఆదేశం లేక అడ్రినల్ పని మానేస్తుంది. ఆ స్థితిలో మందు ఒక్కసారిగా ఆపితే ఒంట్లో కార్టిసాల్ చాలక బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. కాబట్టి స్టెరాయిడ్ చీటీలో మందు పేరు ఒక్కటే చూసుకుంటే చాలదు. ఎంత మోతాదు, ఎన్ని రోజులు, ఏ క్రమంలో తగ్గించాలి అన్నవి కూడా వైద్యులు రాసినట్టే పాటించాలి.