ఒక ఎలుక, రెండు ప్రయోగాలు

ఫిబ్రవరి వచ్చిందంటే మా హాస్టల్ వాట్సాప్ స్టేటస్‌ల నిండా హంసలే. నాకైతే ఒక ఎలుక కథ నచ్చింది. పేరు ప్రెయిరీ వోల్, ఉండేది అమెరికా గడ్డి మైదానాల్లో. క్షీరదాల్లో నూటికి పది జాతులు కూడా జంటగా బతకవు. ఇది బతుకుతుంది. ఒకే గూడు, పిల్లల్ని ఇద్దరూ సాకుతారు. దాని దగ్గరి చుట్టం మెడో వోల్‌కి ఆ పట్టింపే లేదు.

తేడా ఎక్కడుంది? మెదడులో ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ హార్మోన్లని అందుకునే రిసెప్టర్లలో అన్నారు. 2004లో మగ మెడో వోల్ మెదడులోకి వాసోప్రెసిన్ రిసెప్టర్ జీన్‌ని అదనంగా పంపితే, అదీ తన జంటనే అంటిపెట్టుకుంది! ఒక్క జీన్‌తో ప్రేమ సాల్వ్ అయిపోయిందనిపిస్తుంది కదా.

2023లో క్రిస్పర్‌తో ప్రెయిరీ వోల్స్‌లో ఆక్సిటోసిన్ రిసెప్టర్‌ని తీసేశారు. అయినా జత కట్టాయి, పిల్లల్నీ కన్నాయి. ముఖ్యమనుకున్న ఫంక్షన్‌ని కామెంట్ చేసినా ప్రోగ్రామ్ రన్ అయినట్టు! ఇంతకుముందు పెద్ద వోల్స్‌లో అదే రిసెప్టర్‌ని మందుతో ఆపితే జత కుదిరేది కాదు. పుట్టుకతోనే లేకపోతే మెదడు వేరే దారి వెతుక్కుంటుందేమో.

అన్నట్టు, డీఎన్‌ఏ చూస్తే కొన్ని పిల్లలకి తండ్రి వేరే మగది. పెంచేది మాత్రం ఆ జంటే.