చేపల చెరువే చూడదగ్గ చోటైతే: సాల్ట్ లేక్ అంచున పర్యాటకం లెక్కలు

కోల్‌కతా తూర్పున ఉన్న సాల్ట్ లేక్‌లో ఇప్పుడు ఉప్పూ లేదు, సరస్సూ లేదు. ఒకప్పుడు బిద్యాధరి నది మీదుగా సముద్రపు పోటు నీరు ఇక్కడిదాకా వచ్చేది. నది పూడిపోయింది. 1928లో దాన్ని మృతనదిగా ప్రకటించారు. మిగిలిన చిత్తడిలో కొంత భాగాన్ని నింపి కొత్త పట్నం కట్టాలని బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ తలపెట్టారు. 1962లో పని మొదలైంది. హుగ్లీ నది అడుగు నుంచి తోడిన ఒండ్రును గొట్టాల ద్వారా పంపి పల్లాన్ని పూడ్చారు. యుగోస్లావియాకు చెందిన దోబ్రివోయె తోష్కోవిచ్ ఆ పట్నానికి ప్రణాళిక గీశారు. ఆ ముఖ్యమంత్రి పేరు మీదనే దీనికి బిధాన్‌నగర్ అని అధికారిక నామం వచ్చింది.

పూడ్చగా మిగిలిన చిత్తడి ఈ పట్నం పక్కనే ఉంది. దాని పేరు తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు. విస్తీర్ణం 12,500 హెక్టార్లు. 2002 ఆగస్టు 19న దీనికి అంతర్జాతీయ ప్రాధాన్యం గల రామ్‌సర్ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. మన కొల్లేరుకు ఆ గుర్తింపు దక్కిందీ సరిగ్గా అదే రోజున. ఈ రెండు చిత్తడి నేలల మధ్య బంధం అంతటితో ఆగదు. ఆ సంగతి తర్వాత చూద్దాం.

కోల్‌కతా మెట్రో గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరిలో సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్ నుంచి నడవడం మొదలైంది. 2025 ఆగస్టు నాటికి హావ్‌డా మైదాన్ దాకా పూర్తయింది. అంటే హావ్‌డా స్టేషన్‌లో రైలు దిగిన మనిషి ట్రాఫిక్‌లో చిక్కుకోకుండానే చిత్తడి అంచుకు చేరుకోవచ్చు. ఇంత దగ్గరగా, ఇంత విశాలంగా, పక్షులతో, నీళ్లతో ఉన్న చోటును చూడటానికి జనం రావడం సహజం. వచ్చేవాళ్ల కోసం ఏం కట్టాలి, ఏం కట్టకూడదు అన్నదే చిక్కు. ఎందుకంటే ఇది ఊరికే ఉన్న ప్రకృతి దృశ్యం కాదు, రాత్రింబవళ్లు నడిచే మురుగునీటి శుద్ధి కర్మాగారం.

యంత్రాలు లేని కర్మాగారం

ఇక్కడి చేపల చెరువులను భేరీలు అంటారు. తెలుగువారికి ఆ మాట వినగానే నగారా గుర్తొస్తుంది గానీ, ఇక్కడ దాని అర్థం గట్లు కట్టిన చేపల చెరువు. ఇలాంటివి 250కి పైగా ఉన్నాయి. నగరం నుంచి కాలువల్లో వచ్చే మురుగును తూముల ద్వారా కొలతగా వీటిలోకి వదులుతారు. చెరువు లోతు చాలా చోట్ల మనిషి నడుముకు మించదు. ఆ లోతు తక్కువతనంలోనే కిటుకంతా ఉంది. ఎండ అడుగుదాకా చేరుతుంది. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బ్యాక్టీరియా విడగొడుతుంది. అందులోంచి విడుదలైన నత్రజని, భాస్వరం తీసుకుని సూక్ష్మ శైవలాలు పెరుగుతాయి. అవి ఎండలో ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి, ఆ ఆక్సిజన్‌తో బ్యాక్టీరియా మళ్లీ పని చేస్తుంది. శైవలాలు మితిమీరి పెరిగి కుళ్లిపోకుండా చేపలు వాటిని తింటాయి. గట్ల వెంట కావాలనే పెంచిన గుర్రపుడెక్క అలల తాకిడికి గట్టు కరగకుండా కాస్తుంది, నీటిలోని లోహాలను కొంతవరకు పీల్చుకుంటుంది. మన ఊళ్లలో చెరువుకు శత్రువనుకునే మొక్కకు ఇక్కడ ఉద్యోగం ఉంది!

ఈ చిత్తడి శుద్ధి చేసే మురుగు రోజుకు సుమారు 75 కోట్ల లీటర్లని చాలాకాలంగా చెబుతున్న అంచనా. ఏటా పది వేల టన్నులకు పైగా చేపలు, పక్కనున్న ధాపా ప్రాంతపు చెత్త పొలాల నుంచి రోజూ లారీల కొద్దీ కూరగాయలు నగరానికి వెళతాయి. ఈ వ్యవస్థ విలువను ప్రపంచానికి చెప్పినవాడు ధ్రువజ్యోతి ఘోష్ అనే ప్రభుత్వ ఇంజనీరు. మురుగంతా ఎటు పోతోందో తెలుసుకోవాలని కాలువ వెంట నడిచి ఈ చెరువుల దగ్గరికి చేరిన ఆయన, 2018లో మరణించేదాకా వీటి కోసమే పోరాడారు. 1992లో కలకత్తా హైకోర్టు ఇక్కడి భూ వినియోగం మార్చరాదని తీర్పిచ్చింది. 2006లో రాష్ట్రం దీనికోసం ప్రత్యేక చట్టం చేసింది. చట్టం ఉన్నా, పక్కన ఎత్తైన భవనాలున్న చోట చెరువు కన్నా పూడ్చిన నేలకే ధర ఎక్కువ. అందుకే చేపల రైతుకు మరో ఆదాయం చూపించాలన్న వాదన వస్తుంది. ఆ ఆదాయం పర్యాటకం కావచ్చు.

అతిథి ఇష్టం, చేప అవసరం

సందర్శకుడు ఏం కోరుకుంటాడు? వాసన లేని నీలి నీరు, మోటారు పడవ, సాయంత్రం రంగు దీపాలు, ఒడ్డున ఫుడ్ కోర్టు. ఒక్కొక్కటీ చెరువు మీద ఏం చేస్తుందో చూడండి. నీళ్లు నీలంగా ఉండాలంటే మురుగు ఆపాలి. మురుగు ఆపితే చేపకు మేత లేదు, నగరపు మురుగుకు దారీ లేదు. మోటారు పడవ తిరిగితే లోతు తక్కువ చెరువులో అడుగు బురద లేచి ఎండను అడ్డుకుంటుంది, శైవలాల పని కుంటుపడుతుంది. ఒడ్డును కాంక్రీటు చేస్తే గుర్రపుడెక్కకు, కొంగకు చోటుండదు.

వేళల తగువు మరొకటి. శైవలాలు పగలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రంతా వాడుకుంటాయి. కాబట్టి నీటిలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామున. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచే వేళ అదే, వల లాగి పట్టిన చేపను మార్కెట్‌కు తరలించే వేళా అదే. పక్షుల ఫొటోలు తీసేవాళ్లు రావాలనుకునేదీ సరిగ్గా అప్పుడే.

సాల్ట్ లేక్ చుట్టూ ఇప్పటికే వినోద స్థలాలు ఉన్నాయి. నల్‌బన్‌లో చేపల పెంపకం పక్కనే పడవ షికారు ఉంది. 1991లో మొదలైన నిక్కో పార్కు ఉంది. న్యూ టౌన్‌లో 2012లో తెరిచిన ఎకో పార్కులో వంద ఎకరాలకు పైబడిన నీటి చెలమ ఉంది. అది మంచి పార్కు, జనానికి అలాంటివి కావాలి. జాయ్ రైడ్ల కోరిక అక్కడే తీరితే భేరీ గట్ల మీద ఆ భారం తగ్గుతుంది. ప్రాంతీయ ప్రణాళిక అంటే ముందుగా ఈ పంపకమే. ఎక్కడ గుంపులు రావచ్చో, ఎక్కడ పదిమంది మించకూడదో పటం మీద విడదీయాలి. దేశవ్యాప్తంగా వర్తించే 2017 చిత్తడి నేలల నిబంధనలు గత పదేళ్ల సగటు వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు పడవల రేవులు తప్ప శాశ్వత కట్టడాలు వద్దంటాయి. ఆ పటానికి ఇది మొదటి గీత.

ఎంతమంది? లెక్క వేయొచ్చు

పదిమంది అన్నప్పుడు ఆ పది ఎక్కడినుంచి వచ్చింది? దీనికి వాహక సామర్థ్యం లెక్క ఉంది. 1992లో కోస్టారికాలో మిగెల్ సిఫ్వెంతెస్ రక్షిత ప్రాంతాల కోసం రూపొందించిన పద్ధతిని ఇప్పటికీ చాలా దేశాల్లో వాడుతున్నారు. ఊహించిన అంకెలతో ఒక భేరీ గట్టుకు వేసి చూద్దాం.

గట్టు పొడవు ఒక కిలోమీటరు. పదిమంది జట్టు పది మీటర్లు ఆక్రమిస్తే, జట్టుకూ జట్టుకూ మధ్య 90 మీటర్ల ఖాళీ ఉంచితే, ఒకేసారి పది జట్లు, అంటే 100 మంది పడతారు. రోజుకు ఆరు గంటలు తెరిచి, నడకకు రెండు గంటలు పడితే మూడు విడతల్లో 300 మంది. ఇది భౌతికంగా పట్టే సంఖ్య. ఆ ఆరు గంటల్లో రెండు గంటలు చేపలు పట్టే పనికి వదిలేస్తే 200. ఏడాదిలో మూడు నెలలు వానకు గట్టు జారుతుందనుకుంటే సగటున 150. ఆరుగురు మార్గదర్శకులు కావలసిన చోట ఇద్దరే ఉంటే చివరికి 50. ఇలా 300 నుంచి 50కి దిగిపోయాం. టికెట్ల లక్ష్యం పెట్టేవాళ్లు సాధారణంగా మొదటి అంకె దగ్గరే ఆగిపోతారు.

అయితే అంకె ఒక్కటే చాలదు. చప్పుడు చేసే 20 మంది కన్నా నెమ్మదిగా నడిచే 50 మంది మేలు. అందుకే 1985లో అమెరికా అటవీ శాఖ పరిశోధకులు ప్రశ్నను తిప్పి వేశారు. ఎంతమంది అని కాదు, ఎంత మార్పును ఒప్పుకుంటాం అని. భేరీలకైతే దీన్ని కొలవడం కష్టమేం కాదు. తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్, మనిషి ఎంత దగ్గరికొస్తే పక్షి ఎగిరిపోతోందో ఆ దూరం, గట్టు ఎన్ని చోట్ల కుంగింది, హెక్టారుకు చేపల దిగుబడి. ఇవి ముందే నమోదు చేసుకుని, ఒక్కటి హద్దు దాటినా ఆ గట్టును కొన్నాళ్లు మూసేయాలి.

కొల్లేరు నుంచి వెళ్లే లారీలు

ఇక ఆ బంధం సంగతి. కోల్‌కతా మార్కెట్లలో అమ్మే బొచ్చె, రోహుల్లో ఎంతో భాగం కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగి, ఐసు పెట్టెల్లో వెళ్లిన ఆంధ్రా చేపే. కొల్లేరులో చేపల చెరువులు సరస్సును మింగాయి. ఎత్తైన గట్లు నీటి దారులను కోసేశాయి, 2006 నాటికి వాటిని యంత్రాలతో కొట్టించాల్సి వచ్చింది. కోల్‌కతాలో అదే చేపల పెంపకం చిత్తడిని బతికించింది. కొని వేసే మేత, ఎరువులతో నడిచే చెరువుకు చుట్టూ ఉన్న నీటితో పని లేదు. మురుగే మేత అయిన భేరీకి నగరపు కాలువతో సంబంధం తెగితే బతుకే లేదు. అందుకే ఇక్కడ చేపల రైతే కాపలాదారు.

అలాంటప్పుడు టికెట్ డబ్బు ఎవరి చేతికి చేరుతుందన్నది అసలు ప్రశ్న. నగరానికి మరో కొసన ముదియాలిలో మత్స్యకారుల సహకార సంఘం మురుగునీటి చెరువుల చుట్టూ చెట్లు పెంచి, చేపల పని మానకుండానే దాన్ని ప్రకృతి ఉద్యానంగా సందర్శకులకు తెరిచింది. ఒడిశాలో చిలికా ఒడ్డునున్న మంగళాజోడి గ్రామంలో ఒకప్పుడు పక్షులను వేటాడినవారే ఇప్పుడు వాటిని చూపించి బతుకుతున్నారు. వాళ్ల పడవలకు మోటారు లేదు, గెడ వేసి నడుపుతారు. మన ఆటపాకలో అటవీ శాఖ గూడబాతుల కోసం ఇనుప స్టాండ్లు నిలబెట్టి, పడవలో తీసుకెళ్లి చూపిస్తోంది. పక్షులకు మేలు జరిగింది గానీ, చుట్టూ ఉన్న చెరువుల మనుషులు ఆ ఏర్పాటులో భాగస్వాములైతే ఇంకా బాగుండేది.

భేరీల్లో సంఘాలవి ఉన్నాయి, ప్రైవేటువి ఉన్నాయి, ప్రభుత్వానివీ ఉన్నాయి. చెరువులో కూలికి పనిచేసేవాళ్లే ఎక్కువ. యజమానికి అద్దె, బయటి ఏజెన్సీకి టికెట్లు, కూలికి అతిథి పారేసిన ప్లాస్టిక్ ఏరే పని అన్నట్టుగా ఏర్పాటు జరిగితే, చేపలు లాభం కాదనుకున్న రోజున చెరువును కాపాడేవాడు మిగలడు. పర్యాటకం ఆదాయం చేపల ఆదాయానికి తోడుగా ఉండాలి తప్ప దాన్ని మించకూడదన్నది నా అభిప్రాయం. మించితే చెరువు క్రమంగా రిసార్టు ముందు నీటి అలంకారంగా మారుతుంది.

కోల్‌కతాకు సందర్శకులు ఎక్కువగా వచ్చేది చలికాలంలో. భేరీలను వంతులవారీగా తోడి, ఎండగట్టి, అడుగు దున్నేదీ ఆ చలి నెలల్లోనే. పడవ షికారు ఆశించి వచ్చినవాడికి బీటలు వారిన బురద కనిపిస్తుంది. అప్పుడు నీళ్లు నింపి ఉంచమని రైతును అడగాల్సిన పని లేదు. ఆ బురదలో పురుగుల కోసం కొంగలు, ఉల్లంకులు గుంపులుగా దిగుతాయి. తూము ఎత్తే మనిషే పక్కన నిలబడి, ఈ నేల ఎందుకు ఎండాలో, కొత్త మురుగు వదిలాక చేపపిల్లలు వేయడానికి ఎన్నాళ్లు ఆగాలో చెబుతాడు. ఆ మాటలకు అతనికి కూలి కట్టాలి.