యూనిట్ - 7: చారిత్రక రహదారులు, కోట పట్టణాలు - జపాన్ అనుభవం

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
- తొకుగవ పాలకులు రహదారులను, మజిలీ ఊళ్లను ఎందుకు ఏర్పాటు చేశారో వివరించగలుగుతారు.
- ఆ వ్యవస్థ భారం ఎవరి మీద పడిందో తెలుసుకుంటారు.
- కోట పట్టణం నిర్మాణాన్ని చూసి నాటి సమాజ స్వరూపాన్ని గుర్తించగలుగుతారు.
- వారసత్వ ప్రదేశాల్లో అసలు కట్టడానికీ, పునర్నిర్మాణానికీ గల తేడాను పరిశీలించగలుగుతారు.

7.1 పరిచయం

చారిత్రక ప్రదేశం అనగానే మనకు కోటో, గుడో, సమాధో గుర్తుకు వస్తుంది. రోడ్డు గుర్తుకు రాదు. నిజానికి ఒక రాజ్యం ఎలా నడిచిందో తెలుసుకోవడానికి కోట ఎంత ముఖ్యమో ఆ కోటకు వెళ్లే దారీ అంతే ముఖ్యం. పన్ను, సైన్యం, ఉత్తరం, ఉప్పు, వార్త అన్నీ ఆ దారిలోనే వెళ్లాలి. జపాన్‌లో 17వ శతాబ్దంలో ఏర్పడిన కొన్ని రహదారులపై నేటికీ నడవవచ్చు. నాటి కోట పట్టణాల వీధులు కూడా చాలాచోట్ల పాత రూపురేఖలతోనే ఉన్నాయి. ఈ యూనిట్‌లో ఆ దారిని, ఆ పట్టణాన్ని మూడు ప్రశ్నలతో చూద్దాం. దీన్ని ఎవరు ఆజ్ఞాపించారు? దీని భారం ఎవరు మోశారు? దీన్ని ఎవరు కాపాడారు?

7.2 ఐదు రహదారులు: ఆజ్ఞాపించినవారు

1600లో సెకిగహర యుద్ధంలో గెలిచిన తొకుగవ ఇయెయాసు 1603లో షోగన్ అయ్యాడు. షోగన్ అంటే చక్రవర్తి పేరు మీద అసలు అధికారం చెలాయించే సైనిక పాలకుడు. చక్రవర్తి క్యోటోలో ఉండేవాడు. షోగన్ ఎడో నుంచి పాలించేవాడు. ఆ ఎడోయే నేటి టోక్యో. దేశంలో రెండు వందలకు పైగా సంస్థానాలు ఉండేవి. వాటి అధిపతులను దైమ్యోలు అంటారు. వారిని అదుపులో ఉంచుకోవడమే తొకుగవ పాలకుల ప్రధాన సమస్య.

ఎడోలోని నిహొంబాషి వంతెన నుంచి ఐదు ప్రధాన రహదారులు బయలుదేరేవి. అవి తోకైడో, నకసెండో, కోషు కైడో, నిక్కో కైడో, ఓషు కైడో. వీటిలో తోకైడో సముద్ర తీరం వెంబడి సుమారు 490 కి.మీ. సాగి క్యోటో చేరుతుంది. నకసెండో కొండల మధ్య నుంచి సుమారు 530 కి.మీ. తిరిగి అదే క్యోటో చేరుతుంది.

పూర్వం కాలినడకన కాశీకి వెళ్లేవారు దారిలో రాత్రికి ఆగే చోటును మనవాళ్లు మజిలీ అనేవారు. ఈ రహదారులపై అలాంటి మజిలీ ఊళ్లను ప్రభుత్వమే నిర్ణయించింది. తోకైడోపై 53, నకసెండోపై 69 మజిలీలు ఉండేవి. దూరం తెలియడానికి ప్రతి ఒక 'రి'కి, అంటే దాదాపు 3.9 కి.మీ.కి ఒకచోట, దారికి రెండువైపులా మట్టిదిబ్బలు పోసి వాటిపై చెట్లు నాటించారు. ఈ దిబ్బలను ఇచిరిజుకా అంటారు. ఇవి బాటసారికి కొలరాళ్లు, నీడ కూడా.

1635లో మూడవ షోగన్ ఇయెమిత్సు 'సంకిన్ కోతై' అనే నియమాన్ని తప్పనిసరి చేశాడు. దీని ప్రకారం సాధారణంగా దైమ్యో ఒక సంవత్సరం ఎడోలో, మరుసటి సంవత్సరం తన సంస్థానంలో ఉండాలి. భార్య, వారసుడు మాత్రం ఎప్పుడూ ఎడోలోనే ఉండాలి. అంటే వారు ఒక విధంగా బందీలు. రానూపోనూ ప్రయాణానికి, రెండుచోట్ల నివాసానికి అయ్యే ఖర్చు దైమ్యో ఆదాయంలో పెద్ద భాగాన్ని తినేసేది. సంపన్నుడైన కగా సంస్థానాధిపతి ఊరేగింపులో వేలమంది నడిచేవారు.

దారిలో తనిఖీ కేంద్రాలు ఉండేవి. తోకైడోపై హకోనే, నకసెండోపై కిసో-ఫుకుషిమా వీటిలో ప్రసిద్ధమైనవి. ఎడో వైపు తుపాకులు వెళ్తున్నాయా, ఎడో నుంచి స్త్రీలు బయటికి వెళ్తున్నారా అని అక్కడ ముఖ్యంగా చూసేవారు. మొదటిది తిరుగుబాటుకు గుర్తు. రెండవది దైమ్యోల కుటుంబాలు తప్పించుకుంటున్నాయనడానికి గుర్తు. కాబట్టి ఈ రహదారులు ప్రయాణ సౌకర్యం కోసమే వేసినవి కావు, నిఘా కోసం కూడా వేసినవి.

అయితే వేసినవారు అనుకున్న ప్రయోజనం దగ్గరే దారి ఆగలేదు. దైమ్యోల వెంట వర్తకులు, వారి వెనుక ఇసే వంటి పుణ్యక్షేత్రాలకు వెళ్లే సామాన్యులు నడిచారు. సరుకులు, కళలు, వార్తలు ఊరూరికీ చేరాయి. దేశాన్ని అదుపు చేయడానికి వేసిన దారే దేశాన్ని కలిపింది.

7.3 మజిలీ ఊరు: భారం మోసినవారు

మజిలీ ఊరిలో దైమ్యోలు, ఉన్నతాధికారులు దిగే విడిదిని హోంజిన్ అంటారు. అది చాలనప్పుడు వాడే రెండవ విడిది వాకి-హోంజిన్. సామాన్యులకు భోజనంతో కూడిన సత్రాలు, వంటచెరకు ఖర్చు మాత్రమే తీసుకునే చౌక బసలు ఉండేవి. వీటన్నిటికంటే కీలకమైనది కూలీలను, గుర్రాలను సమకూర్చే కార్యాలయం. తోకైడోపై ప్రతి మజిలీ 100 మంది మనుషులను, 100 గుర్రాలను సిద్ధంగా ఉంచాలి. నకసెండోపై ఈ సంఖ్య 50, 50. ఒక మజిలీ కూలీలు తరువాతి మజిలీ వరకు సామాను చేర్చి వెనక్కి వచ్చేవారు.

పెద్ద ఊరేగింపు వస్తే ఈ ఏర్పాటు చాలేది కాదు. అప్పుడు చుట్టుపక్కల గ్రామాలు మనుషులను, గుర్రాలను పంపాలి. ఈ పద్ధతిని 'సుకెగో' అంటారు. నాట్లు వేసే సమయమైనా, కోతల సమయమైనా పిలుపు వస్తే పొలం వదిలి వెళ్లాలి. ఇచ్చే కూలి చాలా తక్కువ. మన ప్రాంతంలో జాగీర్దారుల, దొరల కాలం నాటి వెట్టి గురించి విన్నవారికి ఈ భారం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

నకసెండో పరిధిలో ఈ భారాన్ని మరిన్ని గ్రామాలపై వేయాలని ప్రభుత్వం ప్రయత్నించినప్పుడు 1764-65లో ఎడోకు ఉత్తరాన ఉన్న గ్రామాల రైతులు పెద్దఎత్తున తిరగబడ్డారు. ప్రభుత్వం ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది. కానీ నాయకత్వం వహించాడని ఒక గ్రామ పెద్దకు మరణశిక్ష విధించింది. ఈ రహదారిపై మీరు నడిస్తే దైమ్యో దిగిన విడిదిని చూపించే పలకలు చాలా కనిపిస్తాయి. బరువు మోసిన రైతును మాత్రం మీరే గుర్తు చేసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
1. సంకిన్ కోతై నియమం దైమ్యోలను ఎలా అదుపులో ఉంచింది?
2. సుకెగో పద్ధతి వల్ల రైతులకు కలిగిన నష్టం ఏమిటి?

7.4 మగోమే నుంచి త్సుమగో వరకు: కాపాడినవారు

నకసెండోలో కిసో లోయ భాగం నడకకు పేరుపొందింది. మగోమే 43వ మజిలీ. త్సుమగో 42వది. రెండింటి మధ్య దూరం సుమారు 8 కి.మీ. మధ్యలో దాదాపు 800 మీటర్ల ఎత్తున ఒక కనుమ ఉంది. మామూలుగా నడిచేవారికి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. త్సుమగో కంటే మగోమే ఎత్తులో ఉంది కాబట్టి మగోమే వైపు నుంచి బయలుదేరితే ఎక్కుడు తక్కువ. కొన్నిచోట్ల రాళ్లు పరచిన దారి, కొన్నిచోట్ల మట్టిబాట, కొన్నిచోట్ల తారురోడ్డు వస్తాయి. ఎలుగుబంట్లను దూరంగా ఉంచడానికి దారి పక్కన గంటలు కట్టి ఉంటాయి. నడిచేవారు వాటిని మోగిస్తూ వెళ్తారు.

రెండు ఊళ్లూ పాతగానే కనిపిస్తాయి. కానీ రెండింటి చరిత్ర ఒకటి కాదు. మగోమే 1895, 1915 సంవత్సరాల అగ్నిప్రమాదాల్లో చాలావరకు కాలిపోయింది. ఈ ఊరి హోంజిన్ కుటుంబంలో 1872లో పుట్టిన రచయిత షిమజాకి తోసోన్ ఇల్లు కూడా వాటిలో పోయింది. నేడు మీరు చూసే వీధి ఆ తరువాత కట్టినది.

త్సుమగో పాత రూపం నిలవడానికి కారణం ఒక విధంగా దాని దురదృష్టమే. 1872లో ప్రభుత్వం మజిలీ వ్యవస్థను రద్దు చేసింది. తరువాత వచ్చిన రైలుమార్గం ఊరిని తాకకుండా కిసో నది వెంబడి పోయింది. దాంతో వ్యాపారం పడిపోయింది. యువకులు బతుకుదెరువు కోసం వెళ్లిపోయారు. కొత్త ఇళ్లు కట్టే డబ్బు లేక పాత ఇళ్లు అలాగే మిగిలాయి. 1960లలో ఊరు ఖాళీ అయ్యే పరిస్థితి వచ్చింది. 1968లో ఇళ్లను బాగుచేసే పని మొదలైంది. 1971లో గ్రామస్థులు ఒక ఒడంబడికకు వచ్చారు. ఇళ్లను, పొలాలను, అడవులను అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు అన్నది దాని సారాంశం. 1976లో ప్రభుత్వం ఈ ఊరిని జాతీయ స్థాయి సంరక్షణ ప్రాంతంగా గుర్తించింది.

ఈ నిర్ణయంలో త్యాగం ఉంది. బయటివారికి అమ్మితే వచ్చే ధరను గ్రామస్థులు వదులుకున్నారు. కరెంటు తీగలను వీధిలో కనిపించకుండా తప్పించారు. పగటివేళ ప్రధాన వీధిలోకి వాహనాలను రానివ్వరు. అలాగని అక్కడ ఉన్నదంతా షోగన్ల కాలం నాటిదని అనుకోకూడదు. వాకి-హోంజిన్ భవనం 1877లో కట్టినది. హోంజిన్ 1995లో పునర్నిర్మించినది. వీధి మధ్యలో వచ్చే పదునైన మలుపు మాత్రం శత్రువు నేరుగా దూసుకురాకుండా పూర్వం ఏర్పాటు చేసినదే.

7.5 కోట పట్టణం: నేలపై గీసిన సమాజం

ఇప్పుడు దారి వదిలి, దైమ్యో ఊరేగింపు బయలుదేరే చోటుకు వెళదాం. కోట చుట్టూ పెరిగిన పట్టణాన్ని జోకమాచి అంటారు. కోటకు దగ్గరగా ఉన్నత శ్రేణి సమురాయ్‌ల ఇళ్లు, తరువాత వర్తకులు, చేతివృత్తులవారి వాడలు, పట్టణం అంచున ఆలయాల వరుస ఉండటం సాధారణ నమూనా. అవసరమైతే ఆలయాల ఆవరణలు రక్షణకు కూడా పనికొచ్చేవి. చాలా పట్టణాల్లో కమ్మరుల వీధి, అద్దకంవారి వీధి, వడ్రంగుల వీధి అనే పేర్లు నేటికీ ఉన్నాయి. మన ఊళ్లలోని కమ్మరివీధి, కుమ్మరివీధి లాంటివే అవి. తోలు పని చేసేవారిని, కళేబరాలను తొలగించేవారిని అంటరానివారిగా చూసి ఊరి అంచునో, వెలుపలో ఉంచేవారు. 1871 శాసనం ఆ హోదాను చట్టరీత్యా రద్దు చేసినా వివక్ష అంతటితో పోలేదు. పటంలో ఎవరు కోటకు ఎంత దూరంలో ఉన్నారో చూస్తే సమాజంలో వారి స్థానం తెలుస్తుంది.

కగా సంస్థాన రాజధాని కనజావా దీనికి మంచి ఉదాహరణ. అక్కడి కోట ప్రధాన బురుజు 1602లో పిడుగుపాటుకు కాలిపోయింది. మళ్లీ కట్టలేదు. కానీ యుద్ధ కాలపు బాంబుదాడుల నుంచి తప్పించుకోవడం వల్ల పట్టణం అల్లిక మిగిలింది. నగమాచిలో సమురాయ్ ఇళ్ల మట్టిగోడలు, తెరమాచిలో ఆలయాలు, మలుపులు తిరిగే ఇరుకు వీధులు, వీధుల పక్కన పారే కాలువలు నేటికీ చూడవచ్చు. అంటే పెద్ద బురుజు లేకపోయినా కోట పట్టణం ఉండవచ్చు.

దీనికి భిన్నంగా కొన్నిచోట్ల బురుజు ఉంటుంది, కానీ అది పాతది కాదు. 1873లో కొత్త ప్రభుత్వం అక్కరలేని కోటలను వదిలించుకోవాలని నిర్ణయించింది. చాలా కోటలను కూల్చివేశారు. మిగిలిన వాటిలో కొన్ని 1945 బాంబుదాడుల్లో కాలిపోయాయి. ఒసాకా కోట బురుజు 1931లో, నగోయా కోట బురుజు 1959లో కాంక్రీటుతో కట్టినవి. తొకుగవ కాలం నుంచి నిలిచిన అసలు బురుజులు నేడు 12 మాత్రమే. వాటిలో హిమెజి, మత్సుమోతో, ఇనుయామా, హికోనే, మత్సుయే జాతీయ నిధులు.

మత్సుమోతో బురుజు 1872లో వేలానికి వచ్చింది. కొన్నవారు కూల్చి కలప అమ్ముకునేవారే. ఇచికావా ర్యోజో అనే స్థానికుడు దాన్ని ఆపడానికి పూనుకున్నాడు. బురుజులోనే ప్రదర్శనలు ఏర్పాటు చేసి, వచ్చిన డబ్బుతో దాన్ని తిరిగి కొనిపించాడు. త్సుమగోలో ఊరివారు, మత్సుమోతోలో ఒక పౌరుడు చేసిన పని ఒకటే. ఆజ్ఞాపించినవారు కట్టించారు, మామూలు మనుషులు కాపాడారు.

7.6 నడిచేటప్పుడు ఏమి గమనించాలి?

మీరు జపాన్ వెళ్లకపోయినా ఈ పద్ధతిని ఏ పాత ఊరిలోనైనా వాడవచ్చు.
- దారి ఎక్కడ వంగింది? కొండ వల్లనా, రక్షణ కోసమా?
- వీధి పేరు ఏ పనిని, ఎవరిని సూచిస్తోంది?
- కట్టడం అసలుదా, బాగుచేసినదా, కొత్తగా కట్టినదా? పలకపై సంవత్సరం చూడండి.
- అక్కడ ఇంకా మనుషులు నివసిస్తున్నారా? పర్యాటకుల వల్ల వారికి లాభమా, ఇబ్బందా?
- ఎవరి ప్రస్తావన లేదు?

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
1. త్సుమగో, మగోమే ఊళ్ల మధ్య గల తేడా ఏమిటి?
2. కనజావాను మంచి కోట పట్టణంగా ఎందుకు పరిగణిస్తారు?

7.7 సారాంశం

తొకుగవ పాలకులు రహదారులను, మజిలీలను దైమ్యోలపై అదుపు కోసం ఏర్పాటు చేశారు. ఆ భారాన్ని రైతులు మోశారు. కాలక్రమంలో అవే దారులు వ్యాపారాన్ని, సంస్కృతిని వ్యాపింపజేశాయి. కోట పట్టణాల నిర్మాణం నాటి సామాజిక అంతస్తులను చూపుతుంది. నేడు మిగిలిన వారసత్వం వెనుక స్థానికుల నిర్ణయాలు, త్యాగాలు ఉన్నాయి. పాత గోడను చూసినప్పుడు దాని వయసుతో పాటు అది ఎందుకు మిగిలిందో కూడా అడగాలి.

7.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తొకుగవ కాలపు రహదారి వ్యవస్థ లక్ష్యాలను, ఫలితాలను చర్చించండి.
2. వారసత్వ సంరక్షణలో స్థానిక ప్రజల పాత్రను త్సుమగో, మత్సుమోతో ఉదాహరణలతో వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. హోంజిన్
2. జోకమాచి నిర్మాణం
3. మీ జిల్లాలోని ఒక పాత దారిని గాని, కోట వీధిని గాని ఎంచుకొని 7.6లోని ప్రశ్నల ఆధారంగా పరిశీలించి రాయండి.