ఆకాశంలో సూరత్ పేరు ‘వాసు’

సూరత్ నుంచి హైదరాబాద్ విమానం ఎక్కే ప్రయాణికుడి బోర్డింగ్ పాసు మీద బయల్దేరే చోటు దగ్గర ‘ఎస్‌టీవీ’ అని, దిగే చోటు దగ్గర ‘హెచ్‌వైడీ’ అని ఉంటాయి. మరమగ్గాల పని కోసం వెళ్లి సూరత్‌లోనే స్థిరపడిపోయిన తెలంగాణ కుటుంబాల్లో విమానం ఎక్కేవాళ్లకు ఈ అక్షరాలు కొత్తేమీ కాదు. కానీ అదే విమానం నడిపే పైలట్ చేతిలోని కాగితాల్లో ఇవి కనిపించవు. అక్కడ సూరత్ పేరు వీఏఎస్‌యూ, శంషాబాద్ పేరు వీఓహెచ్‌ఎస్. మొదటి దాన్ని కలిపి చదివితే మన ఇళ్లలో పిలుచుకునే ‘వాసు’ అవుతుంది. అది యాదృచ్ఛికమే. అయితే ఆ నాలుగు అక్షరాల వరుస మాత్రం యాదృచ్ఛికం కాదు.

మూడక్షరాల కోడ్‌ను ఇచ్చేది విమానయాన సంస్థల సంఘమైన ఐయాటా. టికెట్లు, సామాన్లు, వేళల పట్టికలు దాని లోకం. నాలుగక్షరాల కోడ్ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థది. 1944 నాటి షికాగో ఒప్పందం నుంచి పుట్టిన ఈ ఐక్యరాజ్యసమితి సంస్థను ఐసీఏఓ అంటారు. రెండు సంస్థల ప్రధాన కార్యాలయాలూ కెనడాలోని మాంట్రియల్‌లోనే ఉన్నా వాటి లెక్కలు వేరు. ఐయాటా కోడ్‌ను చూసి ఆ ఊరు ఏ ఖండంలో ఉందో చెప్పలేం. ఐసీఏఓ కోడ్‌లో మాత్రం మొదటి అక్షరమే ఆ సంగతి చెప్పేస్తుంది.

పిన్‌కోడ్‌తో పోలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సూరత్ పిన్‌కోడ్ 395తో మొదలవుతుంది. అందులో 3 అంటే గుజరాత్, రాజస్థాన్‌ల మండలం. తెలుగు రాష్ట్రాలది 5. తపాలా సంచీలను వేరుచేసే ఉద్యోగికి చిరునామా మొత్తం అక్కర్లేదు, మొదటి అంకె చూసి ఏ దిక్కుకు పంపాలో తేల్చేస్తాడు. విమాన కోడ్‌ల వెనకా ఇదే అవసరం ఉంది. విమానాశ్రయాల మధ్య సందేశాలు టెలిప్రింటర్ల మీద, ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి అంచెలంచెలుగా వెళ్లే రోజుల్లో మొదటి అక్షరాన్ని బట్టే సందేశాన్ని ఏ దారిలో పంపాలో నిర్ణయించేవారు. కంప్యూటర్లు వచ్చినా చిరునామా పద్ధతి మారలేదు. నేటికీ వీఏఎస్‌యూ వెనక జెడ్‌టీజెడ్‌ఎక్స్ అనే అక్షరాలు చేరిస్తే అది సూరత్ కంట్రోల్ టవర్‌కు సందేశం పంపే చిరునామా అవుతుంది.

ఉత్తర ఐరోపాకు ‘ఈ’, దక్షిణ ఐరోపాకు ‘ఎల్’, గల్ఫ్ దేశాలకు, పాకిస్తాన్‌కు ‘ఓ’, దక్షిణ అమెరికాకు ‘ఎస్’. విశాలమైన కొన్ని దేశాలకు ఒక అక్షరం మొత్తంగా దక్కింది. అమెరికా ప్రధాన భూభాగానికి ‘కే’, కెనడాకు ‘సీ’, ఆస్ట్రేలియాకు ‘వై’. ఐ, జే, క్యూ, ఎక్స్ అక్షరాలను భూమి మీద ఏ ప్రాంతానికీ ఇవ్వలేదు. 2021 ఏప్రిల్‌లో నాసా వారి ఇంజెన్యుటీ హెలికాప్టర్ అంగారకుడి మీద ఎగిరినప్పుడు, అది ఎగిరిన జెజెరో బిలానికి ఐసీఏఓ గౌరవసూచకంగా జేజెడ్‌ఆర్‌ఓ అనే కోడ్ ఇచ్చింది. భూమి మీద ఎవరికీ చెందని ‘జే’ అలా వేరే గ్రహానికి వెళ్లింది.

భారతదేశం ‘వీ’లో ఉంది. శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం కూడా అందులోనివే. 1997లో చైనా పాలనలోకి వెళ్లిన హాంకాంగ్ కోడ్ నేటికీ ‘వీ’తోనే మొదలవుతుంది, చైనా ప్రధాన భూభాగానిది మాత్రం ‘జెడ్’. రెండో అక్షరం సాధారణంగా దేశాన్ని చెబుతుంది. భారత్‌కు మాత్రం ఒక అక్షరం కాకుండా నాలుగు అచ్చులు ఉన్నాయి: పశ్చిమానికి ఏ, తూర్పుకు ఈ, ఉత్తరానికి ఐ, దక్షిణానికి ఓ. వరుసగా ముంబై, కోల్‌కతా, ఢిల్లీ, చెన్నై కేంద్రాలు పర్యవేక్షించే గగనతలాలివి. ఒక్కో జతకు మిగిలిన రెండు స్థానాల్లో 26ను 26తో గుణిస్తే 676 కోడ్‌లు వస్తాయి. నాలుగూ కలిపితే 2,704. ఇప్పట్లో కొరత రాదు.

ఈ విభజనకు రాష్ట్రాల సరిహద్దులతో పని లేదు. రాజస్థాన్‌లోని జైపూర్ ‘వీఐ’లో ఉంటే, అదే రాష్ట్రంలోని ఉదయ్‌పూర్ సూరత్‌లాగే ‘వీఏ’లో ఉంది. నేల మీద గీసిన గీత ఒకటి, గాలిలో గీసినది ఇంకొకటి.

చివరి రెండక్షరాలను దేశాలే ఎంచుకుని ఐసీఏఓకు తెలియజేస్తాయి. అక్కడ చరిత్ర దాగి ఉంటుంది. ముంబై కోడ్‌లోని రెండు ‘బీ’లు బొంబాయివి, కోల్‌కతా కోడ్‌లోని రెండు ‘సీ’లు కలకత్తావి, చెన్నై కోడ్‌లోని రెండు ‘ఎం’లు మద్రాసువి. గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయం వీఓబీజెడ్. ఆ ‘బీజెడ్’ బెజవాడే. రైల్వే స్టేషన్ కోడ్ బీజెడ్‌ఏలో ఉన్నదీ అదే. ఊరి పేరు మార్చినంత సులువుగా కోడ్ మారదు. పటాల్లో, కంప్యూటర్లలో, పత్రాల్లో పాతుకుపోయిన చిరునామా కదా!

హైదరాబాద్ కథ ఇంకా ఆసక్తికరం. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పుడు టికెట్ల మీది ‘హెచ్‌వైడీ’ బేగంపేట నుంచి అక్కడికి తరలింది. బేగంపేటకు ‘బీపీఎం’ అనే కొత్త మూడక్షరాలు వచ్చాయి. కానీ నాలుగక్షరాల వీఓహెచ్‌వై బేగంపేటలోనే ఉండిపోయింది, శంషాబాద్ తన కోసం వీఓహెచ్‌ఎస్ తీసుకుంది. ఒక కోడ్ ప్రయాణికుల వెంట వెళ్లింది, రెండోది రన్‌వేను అంటిపెట్టుకుంది. పైలట్‌కు కావలసింది రన్‌వేనే.

ఇంత కచ్చితత్వం ఎందుకో సూరత్ నుంచే చూడొచ్చు. ప్రపంచంలో సూరత్ ఒక్కటే కాదు. 1915లో థాయ్‌లాండ్ రాజు వజిరావుధ్ తన దేశపు దక్షిణాదిలోని ఒక పట్టణానికి గుజరాత్ సూరత్‌ను తలచుకుని సూరత్ థానీ అని పేరు పెట్టాడు. అక్కడి నదికి మన తపతి పేరు మీద తాపీ అన్న పేరు వచ్చింది. అంటే సూరత్‌లు రెండు, వాటి పక్కన తాపీ నదులు రెండు, రెంటికీ విమానాశ్రయాలు. పేరు చూసి నమ్మితే తికమకే. కోడ్‌లలో మాత్రం ‘వీ’ తర్వాతి అక్షరంతోనే దారులు వేరవుతాయి. ఒకటి పశ్చిమ భారతానికి, ఇంకొకటి ‘వీటీ’, అంటే థాయ్‌లాండ్‌కు. మన విమానాల ఒంటి మీద రాసే ‘వీటీ’తో దీనికి సంబంధం లేదు. అది బ్రిటిష్ పాలన నాటి కేటాయింపు, వేరే పట్టికలోనిది.

అయితే కోడ్‌లకూ ఒక బలహీనత ఉంది. సూరత్ థానీది వీటీఎస్‌బీ. బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయానిది వీటీబీఎస్. చివరి రెండక్షరాలు తారుమారైతే ఒకటి ఇంకొకటైపోతుంది. సూరత్ నుంచి బ్యాంకాక్‌కు 2024 డిసెంబరులో నేరుగా విమానం మొదలైంది. వీఏఎస్‌యూ నుంచి వీటీబీఎస్‌కు అని టైపు చేయబోయి వేళ్లు తడబడితే, గమ్యం బ్యాంకాక్‌కు దక్షిణంగా సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని మరో ‘సూరత్’ అవుతుంది. అక్షరాల లెక్కన రెండూ సరైన కోడ్‌లే, కాబట్టి లేని కోడ్ కొట్టినప్పుడు వచ్చే హెచ్చరిక ఇక్కడ రాదు. మార్గం, దూరం, ప్రయాణ సమయం వంటి వివరాలతో పోల్చినప్పుడే తేడా బయటపడుతుంది.

ఇలాంటి తడబాటు ఎంత దూరం తీసుకెళ్తుందో 2015 మార్చి 10న సిడ్నీలో తెలిసింది. అక్కడ తప్పింది కోడ్ కాదు, అంకెలు. కౌలాలంపూర్ వెళ్లాల్సిన విమానంలో, అది నిలిచి ఉన్న చోటి రేఖాంశం 151 డిగ్రీలకు బదులు 15 డిగ్రీలుగా నమోదైంది. విమానం తాను అసలు చోటుకు 11 వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నట్టు లెక్క వేసుకుంది. గాలిలోకి లేచాక దిశ చూపే పరికరాలు తేడా చేయడంతో, వాతావరణం బాగోలేని సిడ్నీకి తిరిగి రాలేక మెల్‌బోర్న్‌లో సురక్షితంగా దిగింది. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ దర్యాప్తులో ఇదంతా తేలింది.

అందుకే కోడ్ ఒక్కటే చూసి ముందుకు వెళ్లరు. ఒక పైలట్ నమోదు చేసింది రెండో పైలట్ సరిచూస్తారు. కోడ్ కొట్టగానే విమానంలోని కంప్యూటర్ ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను తన పట్టికలోంచి తీస్తుంది. వాటినీ, మిగిలిన దూరాన్నీ ముద్రించిన ప్రయాణ పత్రంతో పోల్చుతారు. సువర్ణభూమి అయితే అక్షాంశం దాదాపు 13.7 డిగ్రీల ఉత్తరం. సుమారు 9 అని కనిపిస్తే, ఎదురుగా ఉన్నది సూరత్ థానీ.