మట్టికీ పులుపుంటుంది!

మధ్యాహ్నం ఎండకి మొక్క తల వాల్చేస్తే మనమేం చేస్తాం? గబగబా చెంబెడు నీళ్లు పోస్తాం. నేనూ అదే చేశాను. చెయ్యకూడని పని అదేనని తర్వాత తెలిసింది.

2009లో మావారికి కూనూరు బదిలీ అయింది. గుంటూరు ఎండల్లో తులసి, కరివేపాకు తప్ప పెంచని నాకు నీలగిరి చలి చూడగానే ఆశ పుట్టింది. సంతలో క్యాబేజీ నారు కొని పెరట్లో నాటాను. మొదటి ఏడు బాగానే కాసింది. కోసుకున్నాక వేళ్లు ఎవరు చూస్తారు? రెండో ఏడు అదే మడిలో నారు నేనే పోసుకున్నా. మిగిలిన నారు మా పక్కనే అరెకరం సాగుచేసుకునే అక్కకు ఇచ్చాను, పెద్ద ఘనకార్యం చేసినట్టు!

నెల తిరిగేసరికి మొక్కలు ఎండెక్కగానే వడలిపోవడం, సాయంత్రానికి మళ్లీ లేచి నిలబడటం మొదలైంది. నీళ్లు చాలట్లేదనుకుని ఇంకా పోశాను. చివరికి ఒకటి పీకి చూద్దును కదా, వేళ్లు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. ఆ వారంలోనే అక్క అలాంటి మొక్కే పట్టుకుని వచ్చింది. "నువ్విచ్చిన నారు నాటిన చోటే ఇలా అయిందమ్మా" అంది. తిట్టలేదు. తిట్టినా బావుండేది. నాకది సరదా, ఆమెకు పిల్లల స్కూలు ఫీజు.

వేళ్లు గదల్లా ఉబ్బుతాయి గనుక దీన్ని క్లబ్ రూట్ అంటారు. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ చుట్టుపక్కల క్యాబేజీ తోటలు దీంతో పాడైపోతుంటే, వొరోనిన్ అనే శాస్త్రవేత్త కొన్నేళ్లు శ్రమపడి, మట్టిలోని ఒక సూక్ష్మజీవే కారణమని 1878లో ప్రకటించాడు. దాని బీజాలు పదిహేనేళ్లు దాటినా మట్టిలో బతికే ఉండగలవు. మట్టి తడిగా, పుల్లగా ఉందా, నిద్రలేచి ఆ తడిలోనే ఈదుకుంటూ వేళ్లలోకి దూరతాయి. నా చెంబు నీళ్లు ఎవరికి పనికొచ్చాయో చూశారుగా!

మట్టికి పులుపేమిటంటారా? పీహెచ్ అనే కొలతలో 7 మధ్యస్థం. తగ్గితే పులుపు, పెరిగితే క్షారం. వానలెక్కువ పడే కొండల్లో మట్టిలోని సున్నం కొట్టుకుపోయి నేల పుల్లబడుతుంది. టీ మొక్కకు అదే ఇష్టం. పరీక్ష చేయిస్తే నా మట్టి 5.2, అక్కది 5.4. క్లబ్ రూట్ అణగాలంటే 7 దాటించాలన్నారు.

నాటడానికి ఆరు వారాల ముందే, గాలి లేని పొద్దున, కళ్లల్లో పడకుండా వ్యవసాయ సున్నం చదరపు మీటరుకు పావుకిలో చొప్పున చల్లి జానెడు లోతున తవ్వి కలిపాం. ఒక్కసారితో 7 రాలేదు, మరుసటి ఏడూ చల్లాల్సొచ్చింది. పశువుల ఎరువు మాత్రం సున్నంతో కలిపి వెయ్యకండి, నత్రజని గాలిలో కలిసిపోతుంది. తెగులు మొక్కల్ని ఎరువుకుప్పలో వెయ్యలేదు, ఆవుకీ పెట్టలేదు. పేడలోంచి కూడా ఆ బీజాలు పొలానికి చేరతాయట! ఎండబెట్టి కాల్చేశాం. పార, చెప్పులు కడిగాకే ఇంకో మడిలోకి. ముల్లంగి, ఆవాలు కూడా క్యాబేజీ చుట్టాలే కాబట్టి వాటినీ మానేసి బీన్స్, క్యారట్ వేశాం.

అక్కకి ఇంకో చిక్కు. సున్నం ఎక్కువైతే బంగాళాదుంపకి గజ్జి తెగులు వస్తుంది. అందుకని పొలంలో సగానికే చల్లింది. నేనైతే హడావుడిగా అంతా చల్లేసేదాన్నే.

ఇది చదివి మీరు సున్నం సంచీ తెచ్చేసుకోకండి. మా గుంటూరు నల్లరేగడి అసలే క్షారం. అందులో సున్నం పోస్తే మొక్కకు ఇనుము అందక లేతాకులు పసుపెక్కుతాయి. టమాటా, వంగ వేళ్లకు బుడిపెలొస్తే అది నులిపురుగుల పని, దానికీ సున్నం మందు కాదు. ముందు మట్టి పరీక్ష చేయించుకోండి.

మూడేళ్ల తర్వాత మళ్లీ నాటిన ఇరవై మొక్కల్లో పదహారు గడ్డ కట్టాయి. పీకి చూస్తే అక్కడక్కడా బుడిపెలున్నాయి. అక్క సున్నం చల్లిన సగంలోనే క్యాబేజీ వేసుకుంది, మిగతా సగం వెల్లుల్లి. మా ఇంటికి ఎప్పటిలాగే వచ్చేది, కాఫీ తాగేది. నారు మాత్రం మళ్లీ అడగలేదు. నేనూ ఇస్తాననలేదు.