కారు పాతది, ఖర్చు కొత్తది

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మీలో చాలామందికి భివండీ కొత్త ఊరేమీ కాదు. అన్నో, బావో, చిన్నాయనో ఎవరో ఒకరు అక్కడ సాంచాల మీద పనిచేసి ఉంటారు, లేదా ఇప్పటికీ చేస్తూ ఉంటారు. పద్మనగర్, కామత్‌ఘర్, అంజూర్ ఫాటా అనే పేర్లు మన ఇళ్లలో పొరుగూరి పేర్లలాగే వినిపిస్తాయి. ఫాటా అంటే మరాఠీలో దారి చీలే చోటు. మా సాంచాల షెడ్డు ఆ అంజూర్ ఫాటా దగ్గరే ఉంది. బట్టల గోదాములకు వచ్చే కంటైనర్ లారీలు, ఆటోలు, టెంపోలు అన్నీ అక్కడే ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోవాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథలో దీంతో పని ఉంది.

ఈ రోజు నేను చెప్పబోయేది ఒక కారు గురించి. కొత్త కారు కాదు, మామూలు కారూ కాదు. మన పిల్లలు 'పికప్ బండి' అంటారు చూడండి, అటువంటిది. కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకు అతుక్కుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు ఇరవై లక్షలు దాటిన ఇటువంటి కార్లు ఎనిమిది, తొమ్మిదేళ్లకు ఐదారు లక్షలకు దిగివస్తాయి. బొంబాయి, ఠాణే చుట్టుపక్కల ఇవి చాలా దొరుకుతాయి. నిజామాబాద్ నుంచి, ఆదిలాబాద్ నుంచి కుర్రవాళ్లు రైలెక్కి వచ్చి, తిరుగు ప్రయాణంలో ఇవే నడుపుకుంటూ పోతున్నారు.

2022 ఎండాకాలంలో మా అక్క కొడుకు అటువంటి కారే కొన్నాడు. కంపెనీ పేరు ఎందుకు గానీ, విదేశీ కంపెనీదే. 2013 మోడలు, 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, ఆటోమేటిక్ గేర్లు. ధర ఐదున్నర లక్షలు. ఆ డబ్బు మా బావ రెండు పాత సాంచాలు తీసేసి కొత్తవి దింపడానికి దాచినది. నేను వద్దన్నాను. "మామా, ఇరవై లక్షల బండి ఐదున్నరకే వస్తుంటే ఎవరన్నా ఇడిస్తరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ కారు ధర అతనికి తెలుసు, కానీ దాన్ని నడిపే ఖర్చు అతనికీ తెలియదు, నాకూ తెలియదు. షెడ్డు లెక్కలు రాసేది నేనే కాబట్టి, అదే పుస్తకంలో వెనక పేజీల నుంచి కారు లెక్క కూడా మొదలుపెట్టాను. ఆ పేజీలే ఇప్పుడు మీ ముందు తెరుస్తున్నాను.

ముందు పెట్రోలు. ఇటువంటి ఇంజను నాసిక్ హైవే మీద ఖాళీ రోడ్డు దొరికితే లీటరుకు పదకొండు, పన్నెండు కిలోమీటర్లు ఇచ్చేది. కానీ అంజూర్ ఫాటా దగ్గర హైవే ఎక్కడుంది? కంటైనర్ వెనక నాలుగడుగులు, ఆగడం, మళ్లీ నాలుగడుగులు. మొత్తం సగటు లీటరుకు ఎనిమిది తేలింది. మొదటి ఏడాది 9,000 కిలోమీటర్లు తిరిగాడు. అంటే 1,125 లీటర్లు. ఆ ఏడాది లీటరు 106 రూపాయల చుట్టూ ఉండేది. 1,19,250 రూపాయలు పెట్రోలుకే పోయాయి. బొంబాయిలో పెట్రోలు వంద దాటింది 2021 మే నెలలో. ఆ రోజున పేపర్లో చదివి 'అబ్బో' అనుకున్న మా వాడే మరుసటి ఏడాది ఈ బండి కొన్నాడు.

పెట్రోలు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత కార్లు దానికోసం తయారైనవి కావు. పది శాతం వరకే సర్దిన పాత ఇంజన్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. మా వాడి లెక్కలో ఏడు శాతం అంటే ఏడాదికి ఎనిమిది వేల పైమాట. ఇక స్నేహితులు కొందరు 'ఎక్స్‌పీ 100' పోయించమంటారు. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చిన ఖరీదైన పెట్రోలు అది. కారు పుస్తకంలో ఎంత ఆక్టేన్ రాసి ఉందో అంతే పోయించండి. దాని మించి పోయిస్తే బండికి ఒరిగేది తక్కువ, బంకువాడికి ఎక్కువ.

ఇన్సూరెన్సు చూద్దాం. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సైజును బట్టి ఉంటుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్లలో వెయ్యి సీసీ లోపు ప్రైవేటు కారుకు ఏడాదికి 2,094 రూపాయలైతే, పదిహేను వందల సీసీ దాటిన కారుకు 7,897. కారు ఎంత పాతదైనా ఈ మొత్తం తగ్గదు. సొంత నష్టం పాలసీ, పన్ను కలిపి మాకు 21,400 అయింది. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. అమ్మినవాడు ఐదేళ్లుగా క్లెయిము లేకుండా సంపాదించిన యాభై శాతం బోనసు వాడితోనే పోతుంది, కారుతో రాదు. బండి పేరు మారిన పద్నాలుగు రోజుల లోపల పాలసీ కూడా మీ పేరుకు మార్పించుకోవాలి. చాలామంది ఆర్‌సీ మార్పిస్తారు, పాలసీ మరిచిపోతారు. తరవాత గుద్దుకున్న రోజున ఆ మరుపు ఖరీదు తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, గ్యారేజీ.

సాంచా నడిపేవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. మామూలు సాంచాకు పిక్కరు విరిగితే బజారులో పిక్కరు దొరుకుతుంది, జాబరు బిగిస్తాడు, గంటలో షటిలు ఆడుతుంది. అదే బయటి దేశం నుంచి వచ్చిన వేగం మగ్గం అయితే? చిన్న బోర్డు కాలినా పార్టు రావాలి, తెలిసినవాడు రావాలి, అప్పటిదాకా బీము అలాగే ఉండాలి. ఈ కారు రెండో రకం. పాతబడి ధర తగ్గింది మీరు కొనే కారుకే. దాని సామాను ధర ఇరవై లక్షల కారు సామాను ధరే. బ్రేకు ప్యాడ్ల డబ్బా మీద 'ఈ కారు ఐదున్నరకు కొన్నారు' అని రాసి ఉండదు కదా.

టర్బో అంటే ఏమిటో ఒక్క నిమిషం చెబుతాను. ఇంజను వదిలే పొగ వేగంతో చిన్న చక్రం ఒకటి తిరుగుతుంది. అది నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు. ఆ చక్రం రెండోవైపు నుంచి గాలిని ఇంజనులోకి ఒత్తుతుంది. అందుకే ఆ పికప్. ఆ ఇరుసును చల్లబరిచేది, జారేలా చేసేది ఇంజనాయిలే. హైవే మీద దంచి వచ్చి వెంటనే తాళం తీసేస్తే ఆ వేడికి ఆయిలు అక్కడే మాడి గట్టిపడుతుంది. అందుకే ఒక నిమిషం ఇంజను ఊరికే ఆడనిచ్చి ఆపమంటారు. మంచి సింథటిక్ ఆయిలు తప్పనిసరి. ఆయిలు, ఫిల్టరు, కూలీ కలిపి 14,000. చౌక ఆయిలు పోస్తే ఆ ఏడాదికి ఆరేడు వేలు మిగులుతాయి, టర్బోకు మాత్రం గడువు తగ్గుతుంది.

మా ఊరిది ఇంకో ప్రత్యేకత. గాలి నిండా నూలు నూగు. షెడ్డు ముందు నిలిపిన బండి రేడియేటరు మీద, ఎయిర్ ఫిల్టరులో, ఏసీ ఫిల్టరులో దూది పొరలాగా పడుతుంది. వేరేచోట ఏడాదికి ఒకసారి మార్చే ఫిల్టర్లు మేము రెండుసార్లు మార్చాం. 3,200. ఇది నాకు పెద్ద ఆశ్చర్యం కలిగించలేదు, మా ఊపిరితిత్తులు అదే గాలి పీలుస్తున్నాయి.

వానాకాలంలో రోడ్డు సంగతి మీకు తెలియనిది కాదు. ఈ కార్ల టైర్లకు పక్కగోడ సన్నగా ఉంటుంది. మలుపులో బండి ఊగకుండా ఉండటానికి అలా చేస్తారు. కానీ గుంతలో పడితే ఆ సన్నటి గోడ అంచుకూ, ఇనప చక్రానికీ మధ్య నలిగిపోతుంది. 2022 జూలైలో నీళ్లు నిండిన ఒకే గుంతలో ముందూ వెనకా రెండు టైర్లు పోయాయి. 27,000. అదే దెబ్బకు ముందువైపు సస్పెన్షన్ ఆర్ములు, బుష్షులు. 24,000. ముందు బ్రేకు ప్యాడ్లు 9,000. షెడ్డు దగ్గర జాగా లేక వేరేచోట పార్కింగుకు నెలకు పదిహేను వందల చొప్పున 18,000.

మొదటి ఏడాది మొత్తం కూడితే 2,35,850 అయింది. కిలోమీటరుకు 26 రూపాయల పైచిలుకు, నెలకు 19,600 పైన. ఇందులో కారు కొన్న ధర ఒక్క పైసా లేదు. మా షెడ్డులో ఎనిమిది సాంచాలు. జూలై నెలలో ఆ ఎనిమిదింటి మిగులూ ఆ కారు కింద పోయింది. పగారు ఇవ్వడానికి నూలు వ్యాపారి దగ్గర చేబదులు తెచ్చాను. మా బావ ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

రెండో ఏడాది గేరుబాక్సు వంతు. ఇటువంటి కార్లలో కొన్నింటికి రెండు క్లచ్చులు ఉంటాయి. ఒకటి బేసి గేర్లకు, ఒకటి సరి గేర్లకు. ఒక గేరులో నడుస్తుండగానే తరవాతి గేరు సిద్ధంగా ఉంటుంది, అందుకే కుదుపు లేని వేగం. కొన్నింటిలో ఆ క్లచ్చులు ఆయిలులో మునిగి ఉంటాయి, కొన్నింటిలో పొడిగా ఉంటాయి. పొడి రకానికి పెద్ద శత్రువు నాలుగడుగుల ట్రాఫిక్కు. పాకేటప్పుడల్లా క్లచ్చు సగం పట్టి సగం జారుతుంది, వేడెక్కుతుంది, అరుగుతుంది. మా బండిది పొడి రకం, మా దారి అంజూర్ ఫాటా. మొదట బయలుదేరేటప్పుడు వణుకు, తరవాత ఒక రోజు సరిగ్గా ఫాటా మధ్యలో మీటర్ల మీద ఎర్ర గుర్తు వెలిగి బండి కదలనంది. వెనక లారీవాళ్ల హారన్లు నేను షెడ్డులోంచే విన్నాను, అది మా బండి కోసమని తెలియలేదు. క్లచ్చులు, వాటిని నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్టు కలిపి 1,40,000.

మీరు కొనదలిస్తే ఇదిగో, మేము చేయని పనులు. ముందుగా ఏ గేరుబాక్సో అడగండి. బయలుదేరేటప్పుడు, ఎత్తు మీద వెనక్కి తీసేటప్పుడు వణుకు ఉందేమో చూడండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచితే ఇంకోరోజు వస్తానని చెప్పండి. తెలిసిన మిస్త్రీని వెంట తీసుకెళ్లి కంప్యూటర్ స్కానింగు చేయించడానికి వెయ్యి, రెండు వేలు పెట్టండి. సర్వీసు కాగితాలు లేకపోతే ధర ఎంత తక్కువైనా వద్దు. టైరు మీద నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారం తయారైందని అర్థం. అరుగుదల లేకపోయినా వయసు మీరిన టైరు టైరు కాదు.

బొంబాయి వైపు కార్లకు మరో పరీక్ష కావాలి. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజే 944 మిల్లీమీటర్ల వాన పడింది. అంత కాకపోయినా ప్రతి వానాకాలం కొన్ని కార్లు నీట మునుగుతూనే ఉంటాయి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగండి, చివర మట్టి గీత ఉందేమో చూడండి. సీటు కింద పట్టాలకు తుప్పు, కార్పెట్టు కింద మగ్గిన వాసన, ఇవి దాచడం కష్టం. నీటిలో నడిపి ఇంజను పగిలితే మామూలు పాలసీ డబ్బివ్వదు, ఇంజను రక్షణ విడిగా తీసుకోవాలి. ఎక్కువ పికప్ కోసం కంప్యూటరులో లెక్క మార్పించిన బండి అయితే ఆ సంగతి ఇన్సూరెన్సువారికి చెప్పకపోతే క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

మన వైపు తెచ్చుకునేవారికి ఒక ముఖ్యమైన మాట. ఒక రాష్ట్రం బండిని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషను చేయించాలి. అక్కడి ఆర్‌టీవో నుంచి ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ జీవిత పన్ను మళ్లీ కట్టాలి, అక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానిది వాపసు అడగాలి. అడగవచ్చు. ఎన్నిసార్లు తిరగాలో మాత్రం ముందుగా చెప్పలేం. ఈ జీవిత పన్ను కలపకుండా 'అక్కడ చౌక' అని లెక్క వేయకండి. బొంబాయి పొలిమేర టోల్ నాకాల్లో కార్లకు 2024 అక్టోబరు 14 అర్ధరాత్రి నుంచి టోల్ తీసేశారు. ఈ మొత్తం కథలో ఖర్చు తగ్గింది ఆ ఒక్కచోటే.

రెండేళ్లు గడిచాక బండిని అమ్మకానికి పెడితే మూడు లక్షల అరవై వేలకు మించి ఎవరూ పలకలేదు. అంటే ఏడాదికి 95,000 తరుగు. కిలోమీటరుకు ఇంకో పదిన్నర రూపాయలు. ఆ పాత సాంచాలు రెండూ ఇంకా అలాగే టకటకమంటున్నాయి.

మా వాడు బండి అమ్మలేదు. ఇప్పుడు పనికి స్కూటరు మీద వస్తాడు. ఆదివారం తెల్లవారుజామున ఐదు గంటలకు, ఫాటా ఖాళీగా ఉన్నప్పుడు, కారు బయటికి తీసి పడ్‌ఘా దాకా వెళ్లి వస్తాడు. ఒకసారి నన్నూ కూర్చోబెట్టుకున్నాడు. అబద్ధం ఎందుకు, హైవే మీద కాలు ఆనించినప్పుడు నాకూ నవ్వొచ్చింది. తిరిగొచ్చాక, ఇంజను ఒక నిమిషం ఆడనిచ్చి ఆపాడు. ఆ రోజు పెట్రోలు ఆరు లీటర్లు, పుస్తకంలో రాసుకున్నాను.

పోయిన నెల బోధన్ నుంచి ఒకతను ఫోను చేసి బండి చూడటానికి వస్తానన్నాడు. రండి, బండితోపాటు లెక్క పుస్తకం కూడా చూపిస్తాం అన్నాను. ఇంకా రాలేదు.