కారుకూ దుకాణానికీ కాలుష్యం తక్కువ కరెంటు



కారుకు పెట్రోలు మంచిదా, బ్యాటరీ మంచిదా? దుకాణం మీద సౌర ఫలకాలు పెట్టిస్తే గిట్టుబాటు అవుతుందా? ఈ రెండు ప్రశ్నలూ ఇవాళ ప్రతి పట్నంలోనూ వినిపిస్తున్నాయి. అయితే చంద్రపూర్, బల్లార్షా, రాజురాలలోనూ, ఇటు కాగజ్‌నగర్, ఆసిఫాబాద్, ఆదిలాబాద్‌లలోనూ ఉండేవాళ్ళకు ఈ ప్రశ్నల్లో ఇంకొక మెలిక ఉంది. మన కరెంటు ఎక్కడో దూరాన పుట్టి రాదు. మన ఊళ్ళ పక్కనే బొగ్గు తవ్వుతారు. పక్కనే కాలుస్తారు. ఆ పొగా, ఆ బూడిదా ముందుగా మన మీదే పడతాయి. కాబట్టి కరెంటు వాహనం మంచిదని ఎవరైనా అంటే, ఆ కరెంటు ఏ కరెంటు అని మనం అడగాలి. ఈనాటి ప్రసంగంలో ఆ లెక్క చూద్దాం.

చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది. ఇప్పుడు ఆ కేంద్రం స్థాపిత సామర్థ్యం సుమారు 2,900 మెగావాట్లు. చుట్టూ దుర్గాపూర్, పద్మాపూర్, ఘుగ్గుస్, బల్లార్షా గనులు ఉన్నాయి. ఈ గనుల్లో, ఈ కార్ఖానాల్లో బతుకుతెరువు చూసుకున్న తెలుగు కుటుంబాలు ఎన్నో. రాజురా ప్రాంతమైతే 1956కు ముందు హైదరాబాదు రాష్ట్రంలో ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. అంటే ఈ బొగ్గు మనకు అన్నం పెట్టింది. అదే సమయంలో 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలను పరిశీలించి కాలుష్య సూచిక తయారు చేసినప్పుడు, చంద్రపూర్ నాలుగో స్థానంలో నిలిచింది. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం కుదరదు.

ఇక లెక్కలోకి వద్దాం. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తయారు కావాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. దానివల్ల దాదాపు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. జలవిద్యుత్తు, గాలి, సూర్యరశ్మి, అణుశక్తి కూడా కలిసిన దేశపు సగటు చూస్తే, యూనిట్‌కు సుమారు 700 గ్రాముల వాయువు వస్తుంది. బొగ్గు తూకమూ వాయువు తూకమూ ఇక్కడ ఒకే అంకెగా కనిపిస్తున్నాయి, కానీ అవి వేరు వేరు లెక్కలని గమనించండి.

ఇప్పుడు ఒక మామూలు పెట్రోలు కారు తీసుకుందాం. లీటరుకు 16 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, 100 కిలోమీటర్లకు ఆరు లీటర్ల పైచిలుకు కావాలి. లీటరు పెట్రోలు కాలితే రెండు కిలోల 300 గ్రాముల వాయువు వస్తుంది. మొత్తం మీద 14 కిలోలు. అదే పరిమాణంలో ఉన్న బ్యాటరీ కారుకు, ఛార్జింగులో పోయే నష్టం కూడా కలుపుకుని, 100 కిలోమీటర్లకు సుమారు 15 యూనిట్లు కావాలి. దేశపు సగటు కరెంటుతో అయితే పదిన్నర కిలోలు. అంటే పావు వంతు మిగులు. పూర్తిగా బొగ్గు కరెంటుతోనే అయితే 15 కిలోలు. అంటే మిగులు ఏమీ లేదు. పైగా పెద్ద బ్యాటరీ తయారు చేసేటప్పుడు కార్ఖానాలో వెలువడినది కూడా ఈ పద్దులో రాసుకోవాలి.

అయితే బ్యాటరీ కారు దండగ అని దీని అర్థం కాదు. బజారులో, బడి ముందర, బస్టాండులో పొగ వదలకపోవడం కూడా ఒక లాభమే. కానీ మనలాంటి చోట ఆ కారు ఎంత పచ్చనిది అన్నది దాన్ని కొనడం మీద కాక, ఎప్పుడు, ఎక్కడి కరెంటుతో నింపుతున్నామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. మన ఇంటి ప్లగ్గులోకి వచ్చేది చంద్రపూర్ కరెంటేనా అని. కచ్చితంగా అలా చెప్పలేం. ఈ జిల్లాలోని భద్రావతిలోనే, పశ్చిమ గ్రిడ్డునూ దక్షిణ గ్రిడ్డునూ కలిపే కేంద్రం 1990వ దశకం చివరలో ఏర్పడింది. ఒక పక్క చంద్రపూర్, మరో పక్క రామగుండం. 2013 డిసెంబరు 31 నుంచి దేశమంతా ఒకే గ్రిడ్డు. చెరువులోకి నాలుగు వాగుల నీళ్ళు వచ్చి కలిసినట్టు, కరెంటు కూడా కలిసిపోతుంది. అయితే పగటిపూట ఆ చెరువులోకి సూర్యరశ్మి కరెంటు ఎక్కువగా వస్తుంది. పొద్దు గూకిన తర్వాత అది ఆగిపోయి బొగ్గు మీద భారం పెరుగుతుంది. రాత్రి ఇంటికి వచ్చి కారుకు తీగ తగిలిస్తే ఎక్కువ భాగం బొగ్గుతోనే నింపుకున్నట్టు. పగలు నింపితే కొంత మేలు. మన సొంత కప్పు మీద తయారైన కరెంటుతో నింపితే నడకలో పొగ లెక్క దాదాపు సున్నా.

పగటిపూట కారు ఎక్కడ ఉంటుంది? ఆఫీసు ముందో, దుకాణం పక్కనో ఎండలో నిలబడి ఉంటుంది. అందుకే కారు సంగతీ, వాణిజ్య భవనం సంగతీ విడివిడిగా చూడకూడదు. ఒక చిన్న లెక్క చెబుతాను. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు ఆరు యూనిట్లు కావాలి. ఒక కిలోవాట్ సౌర ఫలకాలకు సుమారు 100 చదరపు అడుగుల జాగా పడుతుంది, అవి ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. అంటే ఆరు యూనిట్లకు 150 చదరపు అడుగులు చాలు. ఒక కారు నిలబడటానికి పట్టే చోటు కూడా ఇంచుమించు అంతే. కారుకు నీడనిచ్చే రేకుల షెడ్డు బదులు ఫలకాల షెడ్డు వేస్తే, ఆ నీడే కారుకు మేత అవుతుంది. వానాకాలంలో తక్కువ వస్తుంది, వేసవిలో ఎక్కువ వస్తుంది. ఏడాది మొత్తానికి సరిపోతుంది.

ధరల విధానం కూడా ఇటే మొగ్గుతోంది. గరిష్ఠ డిమాండు 10 కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు, ఎండ ఉండే గంటల్లో ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువగా, రద్దీ గంటల్లో కనీసం 20 శాతం ఎక్కువగా ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2023లో నిబంధనలు సవరించింది. దీన్ని అమలు చేసేది ఆయా రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ కమిషన్లు. మీ బిల్లు వెనక వేళల వారీ ధరలు ఎలా ఉన్నాయో ఒకసారి చదువుకోండి.

అయితే దుకాణదారులు, లాడ్జీలు, ఆసుపత్రులు నడిపేవారు ఫలకాలు కొనకముందే చేయవలసిన పని ఒకటి ఉంది. అది వాడకం తగ్గించడం. కారుతున్న కుండలో ఎన్ని నీళ్ళు పోసినా నిలవవు కదా. చంద్రపూర్‌లో 2019 మే నెలాఖరులో ఉష్ణోగ్రత 48 డిగ్రీలకు చేరింది. ఇలాంటి చోట భవనం బిల్లులో పెద్ద భాగం చల్లదనానిదే. వేడి ఎక్కువగా దిగేది కప్పు మీది నుంచి, పడమటి గోడ నుంచి. స్లాబు మీద తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల రంగో వేస్తే లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఇది మన పెద్దలకు తెలిసిన పనే. దీన్నే తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానంగా తీసుకువచ్చి, కొత్త వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేసింది.

రెండోది కూలర్. మన ప్రాంతపు పొడి ఎండకు గడ్డి తడికల కూలర్ బాగా పనిచేస్తుంది. అది తినే కరెంటు సుమారు 200 వాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీ ఆడుతున్నప్పుడు దాదాపు 1,500 వాట్లు తింటుంది. ఏప్రిల్, మే నెలల్లో హాలుకు కూలర్ చాలు. గాలిలో తేమ చేరిన తర్వాత కూలర్ పనిచేయదు, అప్పుడు ఏసీ వాడుకోవచ్చు. ఏసీని ఒక డిగ్రీ పెంచి పెడితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుంది. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తింటే, కొత్త రకం ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. పది ఫ్యాన్లున్న హోటలు యజమాని ఈ లెక్క వేసుకుంటే చాలు.

కొత్తగా కట్టేవారికి హైదరాబాదులో ఒక మంచి ఉదాహరణ ఉంది. భారత పరిశ్రమల సమాఖ్య వారి సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. మధ్యలో ముంగిలి, గాలిని చల్లబరిచి లోపలికి పంపే గాలి గోపురాలు, కప్పు మీద మొక్కలు, పగటి వెలుతురు లోపలికి వచ్చే కిటికీలు, సౌర ఫలకాలు అన్నీ అందులో ఉన్నాయి. అమెరికా బయట ప్లాటినం స్థాయి హరిత భవనంగా గుర్తింపు పొందిన మొదటి కట్టడం అదే. అందులోని ముంగిలి మన పాత చావడి ఇళ్ళలో ఉన్నదే.

ఇక ఫలకాలు పెట్టించేవారికి నాలుగు మాటలు. ఫలకం వేడెక్కిన కొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి మూడు వందల్లో ఒక వంతు దాకా పోతుంది. అందుకని స్లాబుకు అంటించకుండా, కింద గాలి ఆడేలా ఎత్తుగా బిగించాలి. రెండు, బొగ్గు దుమ్ము. గనుల చుట్టుపక్కల ఫలకాల మీద దుమ్ము త్వరగా పేరుకుంటుంది. వారం పది రోజులకొకసారి తెల్లవారుజామున, ఉప్పు లేని నీటితో మెత్తని గుడ్డతో తుడవాలి. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్ళు పోయకండి. మూడు, గ్రిడ్డుకు కలిపిన మామూలు ఏర్పాటులో కరెంటు పోతే సౌర కరెంటు కూడా ఆగిపోతుంది. లైనుమన్ల భద్రత కోసం అలా ఉంటుంది. కరెంటు పోయినా ఆడాలంటే బ్యాటరీ వేరే కావాలి. నాలుగు, 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల దాకా వచ్చే రాయితీ ఇళ్ళకే, దుకాణాలకు కాదు. ఆ రాయితీ వస్తుందని ఎవరైనా దుకాణదారుకు చెబితే నమ్మవద్దు.

కారు కొనే స్తోమత లేనివారికి ఇంకా మంచి మాట. లీటరుకు 50 కిలోమీటర్లు నడిచే పెట్రోలు స్కూటరు 100 కిలోమీటర్లకు నాలుగున్నర కిలోల వాయువు వదిలితే, బ్యాటరీ స్కూటరు సుమారు మూడు యూనిట్లతో నడుస్తుంది. పూర్తిగా బొగ్గు కరెంటుతో నింపినా అది మూడు కిలోలే. బండి చిన్నదైన కొద్దీ లాభం పెద్దది.

చివరగా గని కార్మిక కుటుంబాల మనసులో ఉండే ప్రశ్న. ఇదంతా మన పొట్ట కొట్టే పనా అని. బొగ్గు మీద, బొగ్గు కరెంటు మీద బతికే సంస్థలే ఈ దారి పట్టాయి. సింగరేణి సంస్థ తన గనుల ప్రాంతాల్లో సౌర కేంద్రాలు పెట్టింది. రామగుండంలో ఎన్.టి.పి.సి. జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సౌర కేంద్రం 2022 జూలై 1 నాటికి పూర్తిగా పనిలోకి వచ్చింది. దానివల్ల ఏటా 1,65,000 టన్నుల బొగ్గు, నీడ వల్ల ఆవిరి కాకుండా 32 లక్షల ఘనపు మీటర్లకు పైగా నీరు మిగులుతాయని ప్రభుత్వ అంచనా. ఇరై జలాశయం నీటిని ఊరూ, థర్మల్ కేంద్రమూ పంచుకునే చంద్రపూర్‌కు ఆ నీటి లెక్క చిన్నది కాదు. కొత్త పనులకు మన పిల్లలకు తగిన శిక్షణ ఇప్పించమని అడగడం మన హక్కు.

కాబట్టి శ్రోతలారా, వరస ఇది. ముందు కప్పుకు సున్నం, గదికి తగిన గాలి. తర్వాత కప్పు మీద ఫలకాలు. ఆ తర్వాత ఆ నీడలోనే, పగటిపూట బండికి ఛార్జింగు. ఈ వరస తిరగబడితే ఖర్చు మనదవుతుంది, పొగ మళ్ళీ మన చిమ్నీలోంచే వస్తుంది.